నష్టానికి అమ్మిన పెట్టె: ఎక్స్‌బాక్స్ కథలో వ్యయాల పాఠం

మన హాస్టల్లో ఒకే గదిలో సి.ఇ.సి. వాళ్లు, బి.కాం. వాళ్లు, బి.ఎస్సీ. కంప్యూటర్స్ వాళ్లు కలిసి ఉంటారు. కానీ ఒకరి పుస్తకం మరొకరు తెరిచి చూడరు. అందుకే ఈ వార్షికోత్సవ సంచిక కోసం అందరికీ పనికివచ్చే ఒక అంశాన్ని మేము ఎంచుకున్నాం. మౌస్, కీబోర్డు వంటివి తప్ప వస్తువులు తయారుచేసి అమ్మే అలవాటు లేని మైక్రోసాఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2001లో వీడియో గేమ్ కన్సోల్ వ్యాపారంలోకి ఎందుకు దిగింది, దిగి ఏం పోగొట్టుకుంది, ఏం సంపాదించింది అన్నదే ఆ అంశం. స్థిర వ్యయం, ఉపాంత వ్యయం, పూరక వస్తువులు అంటూ మనం పరీక్షల ముందు బట్టీపట్టే మాటలు ఈ కథలో ప్రాణంతో తిరుగుతూ కనబడతాయి.

గేమ్ కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆడుకునే చిన్న కంప్యూటర్. క్యాసెట్ పెట్టి మారియో, కాంట్రా ఆడిన పెట్టె మన పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది. బజారులో గంటకింత అని డబ్బులిచ్చి ఆడివచ్చిన అన్నలూ ఉన్నారు (వార్డెన్ గారికి చెప్పి వెళ్లారో లేదో మేము అడగలేదు). అలాంటి పెట్టెల్లో చాలా భాగం జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన యంత్రానికి నకళ్లు. 1990లు ముగిసేనాటికి ఈ రంగంలో పెద్దలు ముగ్గురు: నింటెండో, సెగా, సోనీ. మూడూ జపాన్ కంపెనీలే.

కథలోకి వెళ్లే ముందు వ్యయాల సంగతి చూద్దాం. దీనికి మన మెస్సే మంచి ఉదాహరణ. హాస్టల్ భవనం అద్దె, వంటమనిషి జీతం వందమంది ఉన్నా నూట ఒక్కరు ఉన్నా మారవు. అవి స్థిర వ్యయాలు. నూట ఒకటో విద్యార్థి వచ్చి చేరితే అదనంగా అయ్యేది అతని బియ్యం, పప్పు, గుడ్డు ఖర్చు. అదే ఉపాంత వ్యయం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చూడండి. విండోస్ వంటి దాన్ని రాయడానికి వేలమంది ఇంజనీర్లు ఏళ్ల తరబడి పనిచేయాలి. ఆ ఖర్చు కొండంత. కానీ రాయడం పూర్తయ్యాక మరొక కాపీ తీయడానికి ఒక సి.డి., ఒక అట్టపెట్టె చాలు. కంప్యూటర్ తయారుచేసేవాడే దాన్ని లోపల ఎక్కించి అమ్మితే ఆ ఖర్చు కూడా లేదు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ సంచికే తీసుకోండి. అచ్చు వేస్తే ప్రతి కాపీకి కాగితం కావాలి. పి.డి.ఎఫ్. చేసి వాట్సాప్‌లో పంపితే వెయ్యో కాపీకి పైసా ఖర్చవదు.

మైక్రోసాఫ్ట్ 1975లో పుట్టింది మొదలు ఈ రెండో పద్ధతిలోనే పెరిగింది. 2001 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని రాబడి సుమారు 2,530 కోట్ల డాలర్లు. అందులో నికర లాభం 700 కోట్ల డాలర్ల పైమాటే. అంటే వందకు పాతిక రూపాయలకు పైగా లాభం. ఇలాంటి వ్యాపారం చేతిలో ఉన్నవాడు ప్రతి ముక్కకూ ఖర్చయ్యే వస్తువును, అదీ అసలు కంటే తక్కువకు అమ్మడానికి ఎందుకు సిద్ధపడ్డాడు?

భయం వల్ల. 1999 మార్చిలో సోనీ తన కొత్త యంత్రం ప్లేస్టేషన్ 2ను ప్రకటించింది. 2000 మార్చి 4న జపాన్‌లో విడుదల చేసింది. అది ఆటలు ఆడించడమే కాదు, డి.వి.డి. సినిమాలు కూడా చూపేది. ముందుముందు ఇంటర్నెట్ కూడా వస్తుందన్నారు. హాల్లో టీవీ దగ్గరే ఆట, సినిమా, ఇంటర్నెట్ అన్నీ జరిగిపోతే విండోస్ ఉన్న కంప్యూటర్‌ను ఇంటికి ఎవరు కొంటారు? మైక్రోసాఫ్ట్ పెద్దలకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. ఆటల మీద ప్రేమతో ఆ కంపెనీ ఈ రంగంలోకి వచ్చిందని కొందరు రాస్తుంటారు. మేము ఒప్పుకోము. ప్రేమ ఉన్నది కింది ఉద్యోగులకు. డబ్బు ఇచ్చినవారికి ఉన్నది భయం.

ఆ కింది ఉద్యోగుల గురించి కాస్త చెప్పుకోవాలి. విండోస్‌లో ఆటలు వేగంగా నడవడానికి 1995లో డైరెక్ట్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చారు. దానితో సంబంధం ఉన్న సీమస్ బ్లాక్లీ, కెవిన్ బాకస్, ఓటో బెర్కెస్, టెడ్ హేస్ అనే నలుగురు 1999లో ఒక ఆలోచన చేశారు. మామూలు కంప్యూటర్ విడిభాగాలతోనే కన్సోల్ చేస్తే, కంప్యూటర్ ఆటలు రాసేవాళ్లంతా సులువుగా దానికి ఆటలు రాయగలరు కదా అని. పై అధికారి ఎవరూ వాళ్లకు ఆ పని అప్పగించలేదు. డైరెక్ట్‌ఎక్స్ బాక్స్ అన్న మాటే కుదించుకుపోయి ఎక్స్‌బాక్స్ అయింది. వీరిలో బ్లాక్లీ భౌతికశాస్త్రం చదివినవాడు. అంతకుముందు ఆయన సారథ్యంలో వచ్చిన జురాసిక్ పార్క్ ఆట ‘ట్రెస్‌పాసర్’ 1998లో ఘోరంగా దెబ్బతింది. అంత దెబ్బ తిన్న ఏడాదికే ఇంత పెద్ద ప్రతిపాదనతో గేట్స్ ముందు నిలబడ్డాడంటే ఆ గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

కంపెనీ లోపలే వీళ్లకు పోటీ ఉంది. 1997లో మైక్రోసాఫ్ట్ కొన్న వెబ్‌టీవీ సంస్థ వారు మరో రకం పెట్టెను ప్రతిపాదించారు. బిల్ గేట్స్ డైరెక్ట్‌ఎక్స్ బృందం వైపు మొగ్గారు. తమ పెట్టెలో విండోస్ ఉంటుందని వాళ్లు చెప్పడమే ముఖ్య కారణం. పని మొదలయ్యాక తెలిసింది, పూర్తి విండోస్ ఎక్కిస్తే ఆటకు చోటు మిగలదని. విండోస్ 2000 లోని మూలభాగం కొద్దిగా ఉంచి మిగిలినదంతా తీసేశారు.

2000 ఫిబ్రవరి 14న గేట్స్, స్టీవ్ బామర్‌ల ముందు సమావేశం జరిగింది. విండోస్ లేదన్న సంగతి తెలిసి గేట్స్ మండిపడ్డారు. తన జీవితకాలపు కృషికే ఇది అవమానమన్నంతగా కోప్పడ్డారని అక్కడున్న రాబీ బాక్, ఎడ్ ఫ్రైస్ తర్వాతి కాలంలో చెప్పారు. బామర్‌కు నష్టాల అంకెలు మింగుడుపడలేదు. గంటల తరబడి వాదన నడిచింది. చివరికి ఎవరో ఒకరు, మరి సోనీని ఏం చేద్దామని అడిగారట. ఒక్కసారిగా గది నిశ్శబ్దమైపోయింది. కాసేపటికే గేట్స్, బామర్ ఇద్దరూ సరే అన్నారు, అడిగినంత డబ్బూ ఇస్తామన్నారు. ప్రేమికుల దినం నాడు జరిగిన ఈ రభసను ఆ బృందం వారు ‘వాలెంటైన్స్ డే ఊచకోత’ అని పిలుచుకుంటారు. లాభనష్టాల పట్టిక చూసి తీసుకున్న నిర్ణయం కాదిది. పట్టిక వద్దంటున్నా తీసుకున్న నిర్ణయం.

నెల తిరగకముందే, మార్చి 10న, అమెరికాలోని శాన్‌హోసేలో గేట్స్ స్వయంగా ఎక్స్‌బాక్స్‌ను ప్రకటించారు. నమూనా యంత్రాల్లో వాడిన ప్రాసెసర్ ఎ.ఎం.డి. కంపెనీది. ఆ ఇంజనీర్లు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. వేదిక మీద మాత్రం ప్రాసెసర్ ఇంటెల్‌దని ప్రకటన వచ్చింది. చివరి ఘడియలో ఇంటెల్‌తో బేరం కుదిరిందన్నమాట. కష్టపడినవాళ్ల ఎదుటే ఇలా జరగడం బ్లాక్లీ మనసులో ఉండిపోయింది. ఇరవై ఏళ్లు గడిచాక 2021లో ఆయన ఎ.ఎం.డి. వారికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

పెట్టె లోపల ఏముందో కంప్యూటర్స్ విద్యార్థుల కోసం చెబుతాం. 733 మెగాహెర్ట్జ్ పెంటియం 3 రకం ప్రాసెసర్, బొమ్మలు గీయడానికి ఎన్విడియా చిప్, 64 మెగాబైట్ల మెమరీ, 8 గిగాబైట్ల హార్డ్ డిస్క్, ఇంటర్నెట్ కేబుల్ పెట్టడానికి ఒక సాకెట్. ప్లేస్టేషన్ 2లో ప్రధాన మెమరీ 32 మెగాబైట్లే. హార్డ్ డిస్క్ పెట్టెతో రాదు. ఇప్పుడు మన చేతిలోని చవక ఫోన్ ముందు ఈ అంకెలు నవ్వు తెప్పిస్తాయి గానీ ఆనాడు ఇవి పెద్దవే.

2001 నవంబరు 15న అమెరికాలో అమ్మకాలు మొదలయ్యాయి. ధర 299 డాలర్లు, అంటే అప్పటి మారకంలో 14 వేల రూపాయల పైన. సోనీ పెట్టె ధరా అంతే. ప్రచారానికి 50 కోట్ల డాలర్లు కేటాయించారు. పెట్టెను కొనిపించింది మాత్రం ప్రచారం కాదు, ‘హేలో’ అనే ఒక్క ఆట. దాన్ని తయారుచేసిన బంగీ సంస్థ మొదట ఆపిల్ మాకింతోష్‌కు దగ్గరైనది. 1999లో ఆ ఆటను సభలో పరిచయం చేసింది స్టీవ్ జాబ్సే. 2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్ బంగీని కొనేసింది. జాబ్స్‌కు ఒళ్లు మండింది, బామర్‌కు ఫోన్ చేసి తగువు పెట్టుకున్నారు.

ఇక్కడే పూరక వస్తువుల పాఠం వస్తుంది. టీ, పంచదార, కారు, పెట్రోలు అని పుస్తకంలో చదువుకున్నాం. ఒకటి లేనిదే రెండోది పనికిరాదు. మన జిరాక్స్ షాపు అన్న చెప్పే మాట: ప్రింటర్ చవకే తమ్ముడూ, ఇంకు కార్‌ట్రిడ్జే చంపుతుంది. కన్సోల్ ప్రింటర్ అయితే ఆట ఇంకు కార్‌ట్రిడ్జి. పెట్టెను నష్టానికి అమ్మి, ఆ పెట్టెలో ఆడే ప్రతి ఆట మీదా వాటా తీసుకుని ఆ నష్టం పూడ్చుకుంటారు. ఊహించిన అంకెలతో ఒక లెక్క చేద్దాం. పెట్టెపై నష్టం 100 డాలర్లు, ఇతరులు చేసిన ఒక్కో ఆటపై కంపెనీకి వచ్చే వాటా 8 డాలర్లు అనుకోండి. కొన్నవాడు పన్నెండు ఆటలు కొన్నా నష్టం తీరదు. పదమూడోది కొన్నాకే మొదటి రూపాయి లాభం. పదమూడు ఆటలు కొనేవాళ్లు ఎందరుంటారు? అందుకే సొంత ఆటలు కావాలి. వాటి మీద వాటా కాదు, మొత్తం మిగులూ తమదే. బంగీని కొనడం వెనుక లెక్క ఇది.

వాస్తవంగా ఎక్స్‌బాక్స్ మీద ఒక్కో పెట్టెకు నూరు డాలర్ల పైనే నష్టం ఉందని అప్పటి విశ్లేషకుల అంచనా. ఆరు నెలలకే, 2002 మేలో, సోనీ ధర 199కి తగ్గించింది. మైక్రోసాఫ్ట్ కూడా వెంటనే తగ్గించక తప్పలేదు. అంటే నష్టం మరో నూరు పెరిగింది. సోనీకీ ధర తగ్గింది కదా, మరి వాళ్లకెందుకు అంత దెబ్బ తగల్లేదు? బి.కాం. మిత్రులు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. సోనీ తన ముఖ్యమైన చిప్‌లు తనే రూపొందించుకుంది. ఏడాది గడిచేకొద్దీ చిప్ సైజు తగ్గించి, రెండు చిప్‌లను ఒకటిగా కలిపి ఖర్చు తగ్గించుకుంటూ పోయింది. మైక్రోసాఫ్ట్ చేతిలో ఏదీ లేదు. ప్రాసెసర్ ఇంటెల్‌ది, గ్రాఫిక్స్ చిప్ ఎన్విడియాది. వాళ్లు తగ్గిస్తేనే ధర తగ్గుతుంది. ఎన్విడియా చిప్ ధర మీద 2002లో మధ్యవర్తిత్వానికి వెళ్లారు. 2003 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఇక హార్డ్ డిస్క్. అదొక విచిత్రమైన వస్తువు. ఏళ్లు గడిస్తే అందులో పట్టే సమాచారం పెరుగుతుంది తప్ప, మోటారు, లోహపు పళ్లెం, తొడుగు ఎలాగూ కావాలి కాబట్టి ధర ఒక హద్దు దాటి కిందికి దిగదు. పెట్టెకు గొప్పతనం తెచ్చిన భాగమే దాని మెడకు గుదిబండ అయింది.

ఇదే నష్టం సెగాను ముంచేసింది. 2001 జనవరి ఆఖరున ఆ కంపెనీ తన డ్రీమ్‌కాస్ట్ తయారీని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అధ్యక్షుడు ఇసావో ఒకావా సుమారు 70 కోట్ల డాలర్ల విలువైన సొంత ఆస్తిని కంపెనీకి ఇచ్చి, ఆ మార్చిలోనే కన్నుమూశారు. యజమాని ఆస్తి కరిగించినా సెగా పెట్టెల వ్యాపారంలో నిలవలేకపోయింది. మైక్రోసాఫ్ట్ మొదటి తరం ఎక్స్‌బాక్స్ మీద 400 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుందని ఎక్కువమంది చెప్పే లెక్క. అయినా నిలబడింది. తెలివి ఎక్కువై కాదు, వెనక విండోస్, ఆఫీస్ డబ్బు ఉండబట్టి. నష్టాన్ని ఎన్నేళ్లు భరించగలరన్నది కూడా ఒక పెట్టుబడే. పాఠ్యపుస్తకంలో ఈ మాట స్పష్టంగా ఉండదు గానీ ఉండాల్సిందని మా అభిప్రాయం. చేతిలో డబ్బున్నవాడి పోటీ, లేనివాడి పోటీ ఒకటి కావు.

2006 నాటికి అమ్ముడైన ఎక్స్‌బాక్స్‌లు 2 కోట్ల 40 లక్షలు. నింటెండో గేమ్‌క్యూబ్ సుమారు 2 కోట్ల 17 లక్షలు. ప్లేస్టేషన్ 2 మొత్తం మీద 15 కోట్లు దాటింది. జపాన్‌లో అయితే ఎక్స్‌బాక్స్ ఐదు లక్షలు కూడా అమ్ముడుపోలేదు. చేతిలో పట్టుకునే కంట్రోలర్ మరీ పెద్దదిగా ఉందని అక్కడివారి కోసం చిన్నది చేశారు. విచిత్రమేమిటంటే ఆ చిన్నదే తర్వాత అన్నిచోట్లా నిలిచింది.

కంప్యూటర్స్ వాళ్ల కోసం ఒక ముచ్చట. కంపెనీ అనుమతి లేని సాఫ్ట్‌వేర్ నడవకుండా ఎక్స్‌బాక్స్‌లో ఒక రహస్య తాళం పెట్టారు. స్విచ్ వేయగానే ప్రాసెసర్ మొట్టమొదట చదివే 512 బైట్ల చిన్న ప్రోగ్రాం అది. బయటివాళ్లు చూడకుండా ఒక చిప్ లోపల దాచారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో పరిశోధన చేస్తున్న ఆండ్రూ హువాంగ్ అనే విద్యార్థి 2002లో ఆలోచించాడు: చిప్‌లో దాచినా, ప్రాసెసర్ చదవాలంటే అది తీగల మీదుగా ప్రయాణించక తప్పదు కదా! ఆ తీగల దగ్గరే కాపు కాశాడు. సొంతంగా ఒక చిన్న సర్క్యూట్ బోర్డు చేసి, వెళ్తున్న సమాచారాన్ని పట్టుకుని, అందులోంచి తాళంచెవిని బయటికి తీశాడు. ఇంటికి ఇనప తలుపు పెట్టి, తాళంచెవిని మాత్రం రోజూ వీధిలోంచి పంపించినట్టుంది కంపెనీ పని. తర్వాత కొందరు ఎక్స్‌బాక్స్‌లో లినక్స్ ఎక్కించి మామూలు కంప్యూటర్‌గా వాడుకున్నారు. 199 డాలర్లకు కంప్యూటర్! కొన్నవాడు ఒక్క ఆటా కొనడు, కంపెనీకి మిగిలేది నష్టమే. మనం చేసిన పదమూడు ఆటల లెక్క అక్కడ పనిచేయదు. హువాంగ్ 2003లో ఈ విషయమంతా పుస్తకంగా రాశాడు. 2013లో దాన్ని అందరికీ ఉచితం చేశాడు. ఇంగ్లీషు పుస్తకమే అయినా, కంప్యూటర్ ఎలా మేలుకుంటుందో తెలుసుకోవాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పక చదవాలి. డబ్బు అక్కర్లేదు, నెట్ ఉన్న ఫోన్ చాలు.

అంత నష్టంలోనూ మైక్రోసాఫ్ట్‌కు ఒకటి కలిసివచ్చింది. 2002 నవంబరు 15న ఎక్స్‌బాక్స్ లైవ్ మొదలైంది. ఏడాదికి సుమారు 50 డాలర్లు కడితే ఇంటర్నెట్ ద్వారా ఎక్కడివారితోనైనా ఆడుతూ మాట్లాడుకోవచ్చు. సోనీ పెట్టెకు నెట్ కావాలంటే మొదట్లో వేరే భాగం కొనుక్కోవాలి. ఎక్స్‌బాక్స్‌లో సాకెట్ ముందే ఉంది. చూడండి, ఒక్కసారి సర్వర్లు పెట్టాక కొత్తగా చేరే చందాదారుడికి అయ్యే ఖర్చు స్వల్పం. అంటే తనకు చేతనైన పాత లెక్కకు కంపెనీ మళ్లీ చేరుకుంది. 2004 నవంబరులో వచ్చిన హేలో 2 అమెరికా, కెనడాల్లో కలిపి తొలిరోజే 12 కోట్ల 50 లక్షల డాలర్ల అమ్మకాలు చేసింది. ఈ లైవ్ మీద జనం దాన్ని బాగా ఆడారు.

2005 నవంబరు 22న ఎక్స్‌బాక్స్ 360 వచ్చింది. ఈసారి పాఠం బాగా ఒంటబట్టింది. ఐ.బి.ఎం., ఏ.టి.ఐ.లతో చిప్‌లు చేయించుకున్నా, వాటిని తయారుచేయించుకునే హక్కులు తమ చేతిలో ఉంచుకున్నారు. చవక రకం పెట్టెలో హార్డ్ డిస్క్ తీసేశారు. సోనీ కంటే ఏడాది ముందే బజారుకు వచ్చారు. కానీ తొందరకు మూల్యం చెల్లించారు. లోపల వేడెక్కి పెట్టెలు చెడిపోవడం, ముందువైపు ఎర్రదీపాలు వెలగడం మొదలైంది. 2007 జూలైలో వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సివచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు దొర్లితే సరిచేసిన ఫైలు పంపితే తీరిపోతుంది. పెట్టె చెడిపోతే ఒక్కోదాన్నీ ఇంటి నుంచి తెప్పించాలి, విప్పాలి, మళ్లీ పంపాలి. ఉపాంత వ్యయం అమ్మేటప్పుడే కాదు, అమ్మిన తర్వాత కూడా వెంటపడుతుందని అప్పుడు తెలిసివచ్చింది.

మన దేశానికి ఈ 360 రకం 2006 సెప్టెంబరులో అధికారికంగా వచ్చింది. రెండు రకాలు: 19,990 రూపాయలు, 23,990 రూపాయలు. యువరాజ్ సింగ్, అక్షయ్ కుమార్‌లతో ప్రచారం చేయించారు. ఆ డబ్బుకు అప్పట్లో ఇంచుమించు కంప్యూటరే వచ్చేది. ఇంట్లో చదువుకూ పనికివస్తుందని నాన్నను ఒప్పించాలంటే కంప్యూటర్ పేరు చెప్పాలి గానీ ఆటపెట్టె పేరు చెబితే కుదురుతుందా! మధ్యతరగతికే అందని పెట్టె అది, మన ఇళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

మనకు దగ్గరి సంబంధం ఇంకోచోట ఉంది. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌లో 1998లోనే మొదలైంది. హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. అప్పటికి ఎక్స్‌బాక్స్‌ను వదిలించుకొమ్మని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆయన వదిలించుకోలేదు సరికదా, అదే ఏడాది మైన్‌క్రాఫ్ట్ ఆట చేసిన మోజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ సంస్థను కొనడం పూర్తయింది. ఒప్పందం విలువ సుమారు 6,870 కోట్ల డాలర్లు. కొన్నవేవీ పెట్టెలు చేసే కంపెనీలు కావని గమనించండి. అన్నీ ఆటలు రాసేవే.

2021 మేలో ఎపిక్, ఆపిల్ కంపెనీల మధ్య అమెరికాలో ఒక వ్యాజ్యం నడిచింది. అందులో సాక్ష్యం చెప్పిన మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి ఒకరు, కన్సోల్ పెట్టెల అమ్మకం మీద తమకు ఏనాడూ లాభం రాలేదని కోర్టుకు చెప్పారు. ఇరవై ఏళ్లలో నాలుగు తరాల పెట్టెలు అమ్మిన తర్వాత చెప్పిన మాట ఇది. 2024 నుంచి మైక్రోసాఫ్ట్ తన సొంత ఆటలు కొన్నింటిని సోనీ ప్లేస్టేషన్‌కు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. హేలో మొదటి ఆటను కొత్తగా తయారుచేసి ప్లేస్టేషన్ 5కు కూడా ఇస్తామని 2025 అక్టోబరులో ప్రకటించింది.